ఆకు రాలితే మారిపోయే మ్యాపు: వరంగల్‌లో వేసవి ఓరియంటీరింగ్ పోటీకి మేము సిద్ధమైన తీరు

మే రెండో ఆదివారం ఉదయం హన్మకొండ శివారులోని ఒక అర్బన్ ఫారెస్ట్ పార్కులో ఓరియంటీరింగ్ పోటీ నిర్వహించాం. మేమంటే నలుగురం: సాంఘికశాస్త్రం చెప్పే నేను, మా బడి వ్యాయామ ఉపాధ్యాయుడు, కాజీపేటలో ఉండే ఒక సివిల్ ఇంజినీరు, నర్సుగా పనిచేసే మా ఆడపడుచు. పని ఫిబ్రవరి రెండో వారంలో మొదలైంది. పోటీ మాత్రం రెండుంపావు గంటల్లో ముగిసింది. ఆ మధ్యలో ఏమేం జరిగిందో, ఎక్కడ ఎన్నాళ్లు ఆగాల్సి వచ్చిందో, డబ్బు దేనికి ఎంత అయిందో వరుసగా రాస్తున్నాను. కరీంనగర్ నుంచి, మంచిర్యాల నుంచి కొందరు ఉపాధ్యాయులు ఫోన్ చేసి అడిగారు. తమ ఊళ్లోనూ పెట్టాలని వాళ్ల కోరిక. పెట్టాలి కూడా. మన గుట్టలు ఈ ఆటకు ఎంత బాగా సరిపోతాయో పరుగెత్తి చూస్తే తప్ప తెలియదు.

ఆట తెలియనివాళ్లకు రెండు మాటలు. చేతిలో ఒక మ్యాపు, ఒక దిక్సూచి ఉంటాయి. మ్యాపు మీద ఊదా రంగు వృత్తాలు వరుస నంబర్లతో ఉంటాయి. ఒక్కో వృత్తం ఉన్నచోట నేల మీద తెలుపు, నారింజ రంగుల జెండా వేలాడుతుంది. వరుస తప్పకుండా అన్నింటి దగ్గరికీ వెళ్లి, వెళ్లినట్టు గుర్తు వేయించుకుని, ముందుగా తిరిగొచ్చినవాళ్లు గెలిచినట్టు. ఏ దారిన వెళ్లాలో ఎవరూ చెప్పరు.

ఫిబ్రవరి అంతా మ్యాపుకే సరిపోయింది. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు, అంటే ఎత్తుపల్లాలు చూపే ప్రభుత్వ మ్యాపు, ఉంటే సగం పని అయిపోతుందని అనుకునేవాళ్లు ఉంటారు. ఆ షీటు 1:50,000 స్కేలుది, దాంట్లో కాంటూరు రేఖల (ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతల) మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు. మా పార్కులోని గుట్ట అంతా కలిపి ఒకే ఒక్క గీతలో ఇమిడిపోయింది. మాకు కావలసింది 1:4,000 స్కేలు, అంటే మ్యాపు మీద సెంటీమీటరు నేల మీద 40 మీటర్లు. కాంటూరు రెండున్నర మీటర్లకు ఒకటి. ఇంజినీరు తమ ఆఫీసులో అడిగి, ఎత్తు తేడాలు కొలిచే ఆటో లెవెల్, స్టాఫ్ కర్ర శనివారం సాయంత్రం తెచ్చి సోమవారం పొద్దున తిరిగి ఇచ్చేవాడు. ఆదివారాలు గుట్ట మీదే గడిచాయి. ఉపగ్రహ చిత్రాన్ని అడుగున పరిచి, ఓపెన్ ఓరియంటీరింగ్ మ్యాపర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గీశాం. అది ఆండ్రాయిడ్ ఫోనులో కూడా పనిచేస్తుంది కాబట్టి నేల మీద నడుస్తూనే దిద్దుకోవచ్చు. దీనికి ఒక్క రూపాయీ ఖర్చు కాలేదు.

చెట్ల కింద ఉన్నది ఉపగ్రహ చిత్రంలో కనిపించదు. కాలిబాటలు, కంచెలో మనుషులు దూరే సందులు, చెక్‌డ్యాము, బండల మధ్య సందులు, అన్నీ కాళ్లతో తిరిగి పట్టుకోవలసినవే. మమ్మల్ని అన్నింటికంటే ఎక్కువ ఆలోచింపజేసినవి బండలు. నిబంధన ప్రకారం మీటరు ఎత్తుకు తక్కువ ఉన్న బండను గీయనక్కరలేదు. మన దగ్గర మీటరు దాటినవి గీసుకుంటూ పోయినా మ్యాపు నల్లగా అయిపోతుంది. వ్యాయామ మాస్టారు, ఇంజినీరు ఈ విషయం మీద చాలా సేపు వాదించుకున్నారు. ఇంజినీరుకు కొలిచిన ప్రతిదీ కాగితం మీద ఉండాలి. మాస్టారు మాత్రం, పరుగెత్తుకుంటూ వచ్చేవాడి కంటికి విడిగా కనబడే బండే బండ అన్నాడు. మాస్టారి మాటే నిలిచింది. గుట్టకు వాయవ్యంగా ఒక బండ ఉంది, నిలువునా రెండుగా చీలి, ఆ చీలికలోంచి రావి మొక్క పైకి లేచింది. మనిషి ఎత్తు కూడా లేదది. కానీ యాభై అడుగుల దూరం నుంచి చూసినా ఇంకో బండ అని పొరపడే అవకాశం లేదు. దాన్ని మొదట గీశాం. పక్కనే దానికి రెట్టింపు ఎత్తున్న బండలు గుంపుగా ఉంటే, వాటన్నింటికీ కలిపి ఒకే గుర్తు పెట్టాం.

మార్చి 5న అనుమతి కోసం పార్కు అధికారులకు దరఖాస్తు ఇచ్చాం. జవాబు మార్చి 28న వచ్చింది. ఈలోగా వాళ్లకు వచ్చిన సందేహాలు న్యాయమైనవే: వాహనాలు లోపలికి వస్తాయా, మైకు పెడతారా, చెట్లకు మేకులు కొడతారా, ఎవరైనా తప్పిపోతే ఎవరిది బాధ్యత. నోటితో చెప్పినప్పుడు కదలని కాగితం, సగం గీసిన మ్యాపును, ఒక జెండాను బల్ల మీద పెట్టి చూపించాక కదిలింది. ఆ మ్యాపులో తమ పార్కును చూసి అక్కడి అధికారి, ఈ బోరుబావి ఇంకో పక్కన ఉండాలి కదా అని వేలు పెట్టి చూపించారు. పాత బోరు ఒకటి పొదల్లో ఉందని మాకు అప్పుడే తెలిసింది. మూత లేని బోరు అది. వెళ్లి చూసుకుని, మ్యాపులో దాని చుట్టూ ఆలివ్ ఆకుపచ్చ రంగు నింపాం. ఆ రంగు ఉన్నచోట అడుగు పెట్టకూడదని ఈ ఆటలో నియమం. వాళ్లు వారం తిరగకుండా దానికి బండరాయి మూత వేయించారు. పోటీ వల్ల జరిగిన మంచి పనుల్లో నేను మొదట లెక్కపెట్టుకునేది ఇదే.

అనుమతిలో పెట్టిన షరతులు నాలుగు: ఉదయం తొమ్మిదిలోపు ఖాళీ చేయాలి, ప్లాస్టిక్ సీసాలు తేకూడదు, చెట్లకు మేకులు కొట్టకూడదు, మైకు వద్దు. నాలుగూ మాకు మేలే చేశాయి.

జెండాల సంగతి చెప్తాను. ఒక్కో జెండాకు మూడు ముఖాలు ఉండాలి, ఒక్కో ముఖం 30 సెంటీమీటర్ల చదరం, మూలనుంచి మూలకు కోసి పైన తెలుపు, కింద నారింజ. విదేశాల నుంచి తెప్పిస్తే ఖర్చు మోయలేం. వరంగల్ చౌరస్తా దగ్గర గుడ్డ తీసుకుని, మా వీధిలోని దర్జీకి ఇచ్చాం. ఇవి ఏ గుడికమ్మా అని అడిగాడాయన. విషయం చెప్తే ఆసక్తిగా విని, మూడు ముఖాలు నిలబడాలంటే లోపల ఆకారం పట్టేది ఏదైనా ఉండాలి కదా అన్నాడు. ఇనుప తీగ వద్దనుకున్నాం, మరీ దగ్గరికి వస్తే దిక్సూచి ముల్లు అటు తిరగొచ్చు. మేదరివాళ్ల దగ్గర సన్నని వెదురు బద్దలు కొన్నాం. పైన మూడు, కింద మూడు బద్దలకు దర్జీ సన్నటి గొట్టంలా కుట్టు వేసి ఇచ్చాడు. ఇరవై జెండాలు వచ్చాయి, గాలికి కూడా ఆకారం చెడకుండా నిలిచాయి.

వెళ్లినట్టు గుర్తు వేయడానికి పెద్ద పోటీల్లో వేలికి పెట్టుకునే ఎలక్ట్రానిక్ చిప్పులు వాడతారు. మాకు స్టేషనరీ దుకాణం దారి చూపింది. పిల్లల క్రాఫ్టు పనికి పువ్వు, నక్షత్రం, సీతాకోకచిలుక, చంద్రవంక ఆకారాల్లో కాగితానికి చిల్లు వేసే చిన్న పంచ్‌లు దొరుకుతాయి. జెండాకు ఒకటి చొప్పున పురికొసతో కట్టాం. పరుగెత్తేవాళ్ల చేతిలోని అట్ట మీద గళ్లు ఉంటాయి, ఏ గడిలో ఏ ఆకారం పడిందో చూస్తే సరిపోతుంది. ఇరవై వేర్వేరు ఆకారాలు ఒకే దుకాణంలో దొరకవు. హన్మకొండలో మూడు నాలుగు చోట్ల వెతికి పోగుచేయాల్సి వచ్చింది.

దిక్సూచులు ఆన్‌లైన్లో తెప్పించాం, ఒక్కోటి 180 రూపాయలు, పదిహేను. వచ్చిన వెంటనే చేయవలసిన పని ఒకటుంది. ఫోన్లు, తాళాలు, ఇనుప కుర్చీలు దూరంగా పెట్టి, చెక్క బల్ల మీద అన్నింటినీ జానెడు ఎడంగా వరుసగా పేర్చండి. మేము పేర్చితే పన్నెండు ఒకే వైపు చూశాయి. రెండింటి ముల్లు ఒక కొస అడుగుకు తగిలి, బద్ధకంగా ఎక్కడ వదిలితే అక్కడ ఆగిపోయింది. ఉత్తర ఐరోపాకు తగినట్టు తూచిన ముల్లు భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ అలా ఒకవైపు ఒరుగుతుందట, అయస్కాంత బలరేఖల వాలు చోటును బట్టి మారుతుంది కాబట్టి. పదిహేనోది నిక్కచ్చిగా దక్షిణం చూపించింది! బలమైన అయస్కాంతం పక్కన ఉంటే ముల్లు ధ్రువాలు తారుమారవుతాయి. రవాణాలో ఏ స్పీకరు పెట్టె పక్కనో ప్రయాణం చేసి ఉంటుంది. ఆ మూడింటినీ పక్కన పెట్టేశాం. అదే ఏ ఆరో తరగతి పిల్ల చేతికో వెళ్లి ఉంటే, ఆ పిల్ల తనకే ఆట రాలేదనుకుని ఊరుకునేది. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఏప్రిల్‌లో పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాం. ఒంటిపూట బడులు కాబట్టి పొద్దున ప్రార్థనకు ముందు అరగంట. నేను భయపడిన విషయం దిక్కులు. తీరా చూస్తే పిల్లలకు అవే అన్నింటికంటే తేలిక. ప్రతి ఇంట్లోనూ ఈశాన్యాన బావి, ఆగ్నేయాన వంటిల్లు, నైరుతిలో బరువు అనే మాటలు వింటూ పెరిగినవాళ్లే. జెండా బండకు నైరుతి వైపు ఉందంటే క్షణం ఆలోచించకుండా అటు తిరిగారు. పట్నంలో ఐటీ ఉద్యోగం చేసి సెలవులకు వచ్చిన పెద్దవాళ్లు ఇక్కడ తడబడ్డారు.

కాంటూరు రేఖలు చెప్పడానికి బడి వెనక నుంచి ఒక కొండరాయి తెచ్చి, నీళ్ల టబ్బులో పెట్టాం. వేలెడు నీళ్లు పోయడం, నీటి అంచు వెంట రాయి మీద సుద్దముక్కతో గీత గీయడం, మళ్లీ వేలెడు పోయడం. చివరికి నీళ్లు పారబోసి రాయిని పైనుంచి చూపిస్తే, నిటారుగా ఉన్నచోట గీతలు దగ్గరగా, వాలుగా ఉన్నచోట దూరంగా ఉన్నాయి. ఏడో తరగతి అమ్మాయి ఒకతి రాయి చుట్టూ తిరిగి, గీతలు ఎడంగా ఉన్న వైపు వేలు పెట్టి, ఇటు నుంచి ఎక్కితే ఆయాసం రాదు టీచర్ అంది. ఇన్నేళ్లుగా బోర్డు మీద గీసి చెప్పిన పాఠం అది. ఒక రాయి, ఒక టబ్బు ఉంటే చాలునని నాకు ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండేది.

ఇక అసలు విషయం. ఏప్రిల్ చివర బడులకు సెలవులిచ్చాక, జెండాలు ఎక్కడ పెట్టాలో ఖాయం చేసుకోవడానికి ముద్రించిన మ్యాపుతో పార్కులోకి వెళ్లాం. ఫిబ్రవరిలో మేము గీసిన పార్కు అక్కడ లేదు.

ఈ మ్యాపుల రంగులకు ఒక లెక్క ఉంది. పసుపు అంటే బయలు. తెలుపు అంటే హాయిగా పరుగెత్తగలిగే అడవి. ఆకుపచ్చ ముదిరేకొద్దీ దూరడం కష్టమైన పొదలు. ఆట పుట్టింది స్కాండినేవియాలో. నార్వేలో 1897లోనే ప్రజల కోసం పోటీ పెట్టారు. అక్కడి పైన్, స్ప్రూస్ చెట్లు ఏడాది పొడుగునా ఆకుతోనే ఉంటాయి, ఒకసారి గీసిన రంగు చాలా కాలం నిలుస్తుంది. మనది ఆకురాల్చే అడవి. ఫిబ్రవరిలో గుట్టకు దక్షిణాన ముదురాకుపచ్చ వేసిన సీతాఫలం పొదలు ఏప్రిల్ చివరికి పుల్లలుగా మిగిలాయి, మధ్యలోంచి మేకలు తొక్కిన బాటలు తెల్లగా కనిపిస్తున్నాయి. టేకు మొక్కల తోపులో ఆకు మొత్తం కిందికి వచ్చింది. అటు నుంచి ఇటు మనిషి ఆనవాలు తెలుస్తోంది, కానీ ఎండుటాకుల్లో పాదం చీలమండ దాకా మునుగుతోంది, కింద రాయి ఉందో గొయ్యి ఉందో తెలియదు. చూపుకు తెలుపు, కాలికి ఆకుపచ్చ. దానికి ఏ రంగు వేయాలి? లాంటానా మాత్రం అలాగే ముళ్లతో అడ్డంగా ఉంది. మొత్తం నీలంగా గీసిన కుంట పగుళ్లు తేలిన బురద నేలగా మారింది, అడ్డంగా బర్రెల దారి పడింది.

పార్కు కాపలా పెద్దాయన మా వెంటే నడుస్తున్నాడు. మ్యాపులోని నీలం రంగు చూసి, నీళ్లున్నప్పుడే అది కుంట మేడమ్, ఇప్పుడు అడ్డదారి అన్నాడు. నిజమే. ఆ ఒక్క అడ్డదారితో మేము వేసుకున్న ఒక అంకం, అంటే ఒక జెండా నుంచి తరువాతి జెండాకు వెళ్లే భాగం, అర్థం లేకుండా పోయింది. కుంట చుట్టూ ఎడమ నుంచి వెళ్లాలా, కుడి నుంచి వెళ్లాలా అని ఆలోచించవలసిన చోట, సూటిగా దాటేస్తే పని అయిపోతుంది. పోటీకి పట్టుమని రెండు వారాలు లేవు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని చెప్పడంలో సిగ్గేమీ లేదు. తెల్లారి నలుగురం పార్కును నాలుగు ముక్కలుగా పంచుకుని మళ్లీ మొదటి నుంచి నడిచాం. ఉదయం ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర, సాయంత్రం ఐదు నుంచి చీకటి పడేదాకా. మధ్యాహ్నాలు కంప్యూటర్ ముందు. సీతాఫలం పొదలకు లేతాకుపచ్చ, టేకు తోపుకు నెమ్మదిగా పరుగు అనే ఆకుపచ్చ చారలు, ఎండిపోయిన వాగుకు తెగతెగ నీలి గీత. కుంట దగ్గరి అంకాన్ని తీసేసి, గుట్ట అవతలికి మార్చాం.

ఈ పనికి పట్టిన కాలం గురించి అడిగేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే: మన ప్రాంతంలో వేసవి పోటీకి మ్యాపు ఎప్పుడు మొదలుపెట్టినా, రంగులు మాత్రం పోటీకి రెండు వారాల ముందు నేల చూసి వేయండి. బండలు, గోడలు, కాంటూర్లు ఫిబ్రవరివి పనికొస్తాయి. ఆకుపచ్చ, నీలం పనికిరావు. మాకు ఈ సంగతి రాసిపెట్టినవాళ్లు ఎక్కడా దొరకలేదు.

దారులు వేయడంలో ఎండ కూడా లెక్కలోకి వచ్చింది. మే నెలలో వరంగల్‌లో 42, 43 డిగ్రీలు మామూలు, కృత్తిక కార్తె ఎండలు. సూర్యోదయం ఐదూ నలభై ప్రాంతంలో. ఏడు దాటితే బండలు వేడెక్కడం మొదలవుతుంది. అందుకని మొదటి సగం జెండాలు గుట్టకు తూర్పు వైపు, చివరి సగం పడమటి వైపు పెట్టాం. తూర్పున ఎండ పడుతున్నప్పటికి పరుగెత్తేవాళ్లు అక్కడి నుంచి వచ్చేసి ఉంటారు. పడమటి వాలు మీద గుట్ట నీడ ఎనిమిది దాకా ఉంటుంది. పొడవైన దారి 3.2 కిలోమీటర్లు, పదహారు జెండాలు, మధ్యది 2.3, పిల్లలది 1.4, ఎనిమిది జెండాలు. ఇవి సరళరేఖలో కొలిచినవి, నడిచేది ఎప్పుడూ ఎక్కువే అవుతుంది. ఎవరికైనా గంటంబావు గడువు. పిల్లలు ఇద్దరిద్దరుగా వెళ్లాలి, ఒక్కొక్కరి మెడలో ఈల. మా ఆడపడుచు వీటి విషయంలో ఒక్క మాట కూడా సడలించలేదు. బండ సందుల్లో తేళ్లు ఉంటాయి కాబట్టి జెండాలన్నీ బండకు బయటి వైపు, నిలబడి అందుకునే ఎత్తులో ఉండాలని కూడా తనే పట్టుబట్టింది.

మే మొదటి వారంలో ముద్రణ. ఒక డిజిటల్ ప్రింటింగ్ దుకాణంలో మొదటి కాపీ తీశారు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. స్కేలు పెట్టి కొలిస్తే 100 మీటర్ల గీత రెండున్నర సెంటీమీటర్లు ఉండాల్సింది కొంచెం తగ్గింది. కాగితం అంచుకు సరిపోవాలని యంత్రం తనంతట తాను కుదించింది. ఆ కాస్త తేడాతో అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్లేవాళ్లు ప్రతి చోటా జెండాకు ముందే ఆగిపోతారు. గోధుమరంగు కాంటూర్లు ఆకుపచ్చలో కలిసిపోయాయి కూడా. కూర్చుని సరిచేయిస్తే రెండు రోజులు పట్టింది. చెమటకు తడిసినా చిరగని కాగితం మీద ఒక్కో కాపీ 35 రూపాయలు పడింది.

ఇంకో వింత కోతులు. పోటీకి వారం ముందు జెండా పెట్టే చోట్లలో రంగు రిబ్బను ముక్కలు కట్టి వచ్చాం. మర్నాడు పోయి చూస్తే సగం లేవు. ఒకటి వేప చెట్టు చిటారు కొమ్మన ఎగురుతోంది. జెండాలు ముందు రాత్రి కట్టే ఆలోచన అక్కడితో మానేశాం. కాపలా పెద్దాయన చెప్పిన ఉపాయం పనిచేసింది. కోతుల గుంపు ఉండే మర్రి చుట్టుపక్కల మూడు జెండాల దగ్గర కుర్రాళ్లను గులేర్లు పట్టుకుని నిలబెట్టాం. కొట్టక్కర్లేదు, చేతిలో కనబడితే చాలు.

ముందు రోజు సాయంత్రం ఇంట్లో మజ్జిగ చిలికి, ఉప్పు, కరివేపాకు వేసి క్యాన్లలో నింపాం. లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు లెక్కన నీళ్లు కలిపాం. మట్టి కుండలు, స్టీలు గ్లాసులు సర్దుకున్నాం. రాత్రి పది దాటాక వ్యాయామ మాస్టారు ఫోన్ చేశాడు. గుట్టకు వాయవ్యంగా ఉన్న చీలిన బండ పైన తేనెటీగలు దిగాయని కాపలా పెద్దాయన కబురు పంపాడట. మాకు అన్నింటికంటే ఇష్టమైన జెండా అది. మ్యాపులు ముద్రించి కట్టలు కట్టి ఉన్నాయి. రాత్రి పదకొండింటికి ముగ్గురం కూర్చుని నల్ల పెన్నుతో ఒక్కో మ్యాపు మీద ఆ వృత్తాన్ని కొట్టేసి, దాని పక్కన అడ్డంగా గీత గీశాం. పొడవైన దారి పదిహేను జెండాలకు తగ్గింది. బాధగానే ఉంది, కానీ పిల్లలు ఆ దరిదాపులకు పోకుండా అటువైపు ఎర్ర తాడు కట్టించాకే నా గుండె కుదుటపడింది.

ఆదివారం నాలుగు గంటలకల్లా పార్కులో ఉన్నాం. టార్చిలైట్లతో జెండాలు కట్టడం ఐదున్నరకు పూర్తయింది. ఐదూ యాభైకి మొదటివాళ్లు బయలుదేరారు, మూడు దారుల్లో రెండేసి నిమిషాల ఎడంతో. పెద్దలు 48 మంది, పిల్లలు 60 మంది. మైకు లేకపోవడం వల్ల పార్కు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, గుట్ట మీద ఎండుటాకులు నలిగే చప్పుడు బట్టి ఎవరు ఎటు పోతున్నారో కింద నుంచే తెలిసింది. నెమళ్లు కూడా అరిచాయి. పిల్లలు తిరిగి వస్తూ మ్యాపును మడిచి, బొటనవేలు తామున్న చోటు మీద పెట్టుకుని, వేలు కదలకుండా చివరి గీత దాకా పరుగెత్తుకొచ్చారు. ఏప్రిల్‌లో నేర్పింది అదే. ఆ వేళ్లు చూసినప్పుడు నా కళ్లు చెమర్చాయి.

ఏడూ ముప్పావుకు లెక్క చూస్తే ఒక మనిషి తక్కువ. మధ్య దారిలో వెళ్లిన యాభై దాటిన ఆయన. గడువు దాటింది, ఎండ చురుక్కుమంటోంది. ఫోను ఎత్తడం లేదు. ఇద్దరిద్దరుగా విడిపోయి ఈలలు ఊదుకుంటూ వెతికాం. పాత బోరు దగ్గరికి నేనే వెళ్లాను, మూత ఉందని తెలిసి కూడా వంగి చూశాను. అంబులెన్సుకు 108 చేయాలా అని మా ఆడపడుచు ఫోను చేత్తో పట్టుకుని నిలబడింది. ఎనిమిదీ పదికి ఆయనే ఫోన్ చేశాడు. నాలుగో జెండా దొరక్క విసుగు పుట్టి, పక్క గేటు నుంచి బయటికి వెళ్లి, ఇంటికి చేరి స్నానం చేశాడట. కోపం రాలేదు, ఊపిరి మాత్రం వచ్చింది. ఈ ఆటలో ఆట పూర్తి చేసినా, మధ్యలో మానేసినా చివరి గీత దగ్గరికి వచ్చి పేరు చెప్పి వెళ్లడం అన్నింటికంటే పెద్ద నియమం. అది మేము బోర్డు మీద రాసి పెట్టాం, ఇకపై ఒక్కొక్కరి నోటితో చెప్పించాకే మ్యాపు చేతికి ఇస్తాం. పక్క గేటు దగ్గర ఒక మనిషిని కూడా పెడతాం.

ఎండ దెబ్బ ఎవరికీ తగల్లేదు. ఇద్దరికి మోకాళ్లు గీరుకుపోయాయి, ఒక అబ్బాయికి పాదంలో తుమ్మ ముల్లు దిగింది. కుండలన్నీ ఖాళీ అయ్యాయి. అందరికంటే ముందు అయిపోయింది మజ్జిగే. బయట రోడ్డు మీద తాటి ముంజలు అమ్మే అవ్వ బుట్ట కూడా తొమ్మిదిలోపే ఖాళీ.

ఖర్చులు: గుడ్డ 480, కుట్టుకూలి 800, వెదురు బద్దలు 200, పంచ్‌లు 1,400, దిక్సూచులు 2,700, మ్యాపులు 130 కాపీలకు 4,550, మజ్జిగ, కుండలు, గ్లాసులు 3,000, మందులు, కట్లు, ఈలలు 900. మొత్తం 14,030 రూపాయలు. పెద్దల దగ్గర వంద చొప్పున 4,800 వచ్చింది, పిల్లలకు రుసుము లేదు. మిగిలిన 9,230 నలుగురం పంచుకున్నాం. ఇందులో జెండాలు, పంచ్‌లు, దిక్సూచులు మళ్లీ మళ్లీ వాడుకునేవే. ఎవరైనా తమ ఊళ్లో పోటీ పెడితే వాటిని తీసుకెళ్లవచ్చు, పెట్టెలో కట్టి సిద్ధంగా ఉంచాం. ఒక జెండా తక్కువ, పంతొమ్మిదే ఉన్నాయి. ఇరవయ్యోదాన్ని కోతులు పట్టుకెళ్లాయి.

తరువాతి పోటీ డిసెంబరులో అనుకుంటున్నాం. వానలు పడ్డాక సీతాఫలం చిగురిస్తుంది, కుంట నిండుతుంది, మే నెల రంగులు చెల్లవు. అందుకని అదే పార్కుకు ఎండాకాలం మ్యాపు ఒకటి, చలికాలం మ్యాపు ఒకటి వేరువేరుగా ఉంచుకోవాలని నిర్ణయించాం. నవంబరులో మళ్లీ నడక. అనుమతి దరఖాస్తు మాత్రం సెప్టెంబరులోనే ఇచ్చేస్తాం.